నాలుగో కడుగు

మిక్సింగ్ సెక్షన్ పక్క గది,
జనవరి 11

మాజీ మేస్త్రీ గారైన మామయ్యకి,

మేనకోడలు రాస్తున్నది. ఫోన్‌లో నేను గొంతు చించుకోవడం, నువ్వు ఆఁ ఆఁ అనడం, చివరికి అత్తయ్య ఫోన్ లాక్కుని నీ తరఫున జవాబు చెప్పడం మన ముగ్గురికీ పరువు తక్కువ. ముప్ఫయ్యొక్క ఏళ్ళు మిక్సర్ల పక్కన నిలబడి రెండు చెవులూ కంపెనీకి దానం చేసి వెళ్ళావు కాబట్టి, ఇకనుంచి ఉత్తరాలే.

సంగతేమిటంటే, నీ సెక్షన్‌కి నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. నీ కుర్చీ ఇచ్చారు. దాని ఒక కాలు పొట్టిది. ఇన్నేళ్ళూ నువ్వు ఒక పక్కకి వాలి నడిచేది అందుకేనని ఇప్పుడు అర్థమైంది.

సంబరపడకు. పోయిన నెల తనిఖీవాళ్ళు వచ్చి వెనక స్థలంలో పేర్చిన డ్రమ్ములు చూశారు. నీకు తెలిసిన సంగతే అయినా, నాకు తెలుసని నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను: రెండే ట్యాంకులు, వాటిలోనే ఇవాళ పురుగుమందు, ఎల్లుండి కలుపుమందు. మందు మారినప్పుడల్లా ట్యాంకు సాల్వెంట్‌తో కడగాలి. ఆ కడిగిన విషాన్ని మనవాళ్ళు ముద్దుగా కడుగు అంటారు. కడుగుకి ఒక డ్రమ్ము. నెలకి పదిహేనుసార్లు మందు మారుతుంది, మారినప్పుడల్లా నాలుగు కడుగులు, వెరసి అరవై డ్రమ్ముల విషం. జూన్ నెల లెక్క ముప్ఫై దాటితే సెక్షన్‌కి తాళం వేస్తామన్నారు. అంటే నలభై ఇద్దరు ఇంటికి, వాళ్ళ వెనకే నేను.

ఈ పని ఎవరు చేస్తారని మేనేజర్ అడిగితే అందరూ నేల చూశారు. నేను గోడ గడియారం చూశాను. అదే నా తప్పు. ఆయన్ని మేం మెడపట్టీ అంటాం, మెడ నొప్పికి ఎప్పుడూ పట్టీ కట్టుకుని ఉంటాడు. దాంతో అవుననీ కాదనీ తల ఊపలేడు. ఆ ఉద్యోగానికి అది బాగా కలిసొచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. రూల్ పుస్తకంలో మూడు కడుగులని ఉంది. మనవాళ్ళు నాలుగు కడుగుతారు. ఎందుకని అడిగితే గరిటె (నీ జోడీ, ఇంకా రిటైర్ కాలేదు, కలిపే గరిటె ఇంకా చేతిలోంచి దించలేదు) "మేస్త్రీ గారు చెప్పారు" అన్నాడు. మిగతావాళ్ళూ అదే పాట. మూడయ్యాక నాలుగోది ఎందుకు మామయ్యా?

నీ కోడలు


టైర్ల షాపు మీది వాటా,
జనవరి 24

చెత్త శాఖకి అధిపతి అయిన కోడలు పిల్లకి,

కింద టైర్లు విప్పుతూ నాలుగు సుత్తులు ఒకేసారి మోగుతున్నాయట. మీ అత్తయ్య తల పట్టుకుని కూర్చుంది. నాకు హాయిగా ఉంది. చెవులు పోవడంలో ఉన్న సుఖం చెవులున్నవాళ్ళకి చెబితే అర్థం కాదు.

కుర్చీ జోలికి వెళ్ళకు. పొట్టి కాలు కింద అట్టముక్క పెట్టి చూశాను, అప్పుడు మిగతా మూడూ పొట్టివైపోయాయి.

నీ అరవై డ్రమ్ముల సంగతి. రాసుకో. ఒకటి, ట్యాంకు ఖాళీ కాగానే పైపు పట్టుకుని దూకకండి. గోడలకి అంటుకున్న మందుని ముందు రబ్బరు పలకతో కిందికి గీకి, దాన్నీ ప్యాకింగ్‌కి పంపండి. కడగాల్సింది సగమైపోతుంది. రెండు, అమ్మకాలవాళ్ళు అడిగినట్టల్లా ఊగకు. పురుగుమందు పెడితే నాలుగైదు విడతలు వరసగా అదే పెట్టు, తర్వాత కలుపుమందు. మందు మారకపోతే కడగనక్కర్లేదు. మూడు, మొదటి కడుగులో ఉండేది సగం మందే. పారెయ్యకు. పేరు రాసి మూత బిగించి దాచు, మళ్ళీ అదే మందు కలిపేటప్పుడు కొత్త సాల్వెంట్‌కి బదులు అది పొయ్యి.

ఇన్ని తెలిసినవాడివి నీ రోజుల్లో ఎందుకు చెయ్యలేదని అడుగుతావు. చెప్పాను. వెనక అంత స్థలం ఉండగా ఈ గొడవంతా ఎందుకయ్యా అన్నారు. స్థలం నిండాక మీవాళ్ళకి జ్ఞానం వచ్చింది.

నాలుగోదాని గురించి అడిగావు. అది అంతే. దాని జోలికి మాత్రం వెళ్ళకు. మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?

మామయ్య


మిక్సింగ్ సెక్షన్ పక్క గది,
మార్చి 20

రహస్యాల మామయ్యకి,

అమ్మ మోకాలు బాగానే ఉంది. మాట మార్చడంలో నీ నేర్పు కూడా.

నీ చిట్కాలు పనిచేశాయి. ముందుగా రబ్బరు పలకలు కావాలని స్టోర్‌కి చీటీ పంపితే మూడు వారాల్లో వస్తాయన్నారు. గరిటె అంతవరకు ఆగలేదు. పాత హవాయి చెప్పు అడుగు కోసి కర్రకి బిగించాడు. ఇప్పుడు స్టోర్‌వాళ్ళు పంపిన పలకలు గోడకి వేలాడుతుంటే, సెక్షన్ మొత్తం గరిటె చెప్పుతోనే గీకుతోంది.

అమ్మకాలవాళ్ళతో రెండు రోజులు పోట్లాడి నెలకి పదిహేను మార్పులని పన్నెండుకి దించాను. మొదటి కడుగులన్నీ దాస్తున్నాం. పురుగుమందువి పచ్చ మూతలు, కలుపుమందువి ఎర్ర మూతలు. అరవై కాస్తా ముప్ఫై ఆరయ్యాయి. మెడపట్టీ నన్ను అభినందించడానికి మొత్తం మనిషే వంగాడు.

కానీ ముప్ఫై ఆరు ముప్ఫై కాదు. మిగిలింది నీ నాలుగోదే. అది మానేస్తే ఇరవై నాలుగు. అందుకని ఈ నెల మొదటి తేదీ నుంచి మూడు కడుగులేనని బోర్డు మీద రాశాను. నీ శిష్యులు దాన్ని చావు కబురు చదివినట్టు చదివారు. నోటితో ఒకడూ కాదనలేదు. మర్నాడు చూస్తే నాలుగు కడిగారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నాలుగు. గోడకి చెప్పినా ఈపాటికి వినేది.

చివరికి సాల్వెంట్ తాళం నా దగ్గర పెట్టుకున్నాను. మందు మారినప్పుడల్లా మూడు కడుగులకి సరిపడా కొలిచి ఇస్తున్నాను. దెబ్బకి దారికొచ్చారు. పది రోజులుగా డ్రమ్ములు లెక్కపెడుతున్నాను, ఒక్కటీ ఎక్కువ లేదు. ఏమిటో, ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు కూడా. నీ నాలుగోది గెలిచిందనుకున్నావేమో, నేను గెలిచాను.

నీ కోడలు


టైర్ల షాపు మీది వాటా,
ఏప్రిల్ 2

గెలిచిన కోడలికి,

శుభాకాంక్షలు. మీ అత్తయ్యకి చదివి వినిపిస్తే, "మీ పోలికే, పొగరు" అంది. నాకు సగం సగం వినబడింది కాబట్టి పొగడ్త అనుకున్నాను.

గరిటెని కసురుకోకు. వాడు మంచివాడు, చెప్పింది చేస్తాడు. మిగతావాళ్ళూ అంతే. వాళ్ళకి ఒక అలవాటు ఉంటే ఉండనీ, నీ లెక్క సరిపోతే చాలు కదా. మధ్యాహ్నం భోజనానికి నువ్వు ఇంటికి వెళ్తావా, క్యాంటీన్‌లోనే తింటావా? ఊరికే అడిగాను. వేళకి తిను.

ల్యాబ్ కిటికీలో టమాటా మొక్కలు ఉన్నాయా, ఎవరైనా నీళ్ళు పోస్తున్నారా? ఎండిపోనివ్వకు.

మామయ్య


మిక్సింగ్ సెక్షన్ పక్క గది,
జూన్ 13

మామయ్యా,

టమాటా మొక్కలు ఉన్నాయి. వాటి గురించే రాస్తున్నాను. కూర్చుని చదువు.

పోయిన శుక్రవారం ట్యాంకులో కలుపుమందు అయిపోయింది. మూడుసార్లు కడిగి, సోమవారం పురుగుమందు కలిపారు. పది డ్రమ్ముల సరుకు. ప్యాకింగ్‌కి పంపేముందు ఎప్పటిలాగే కొంచెం నీళ్ళలో కలిపి ల్యాబ్ కిటికీలో మొక్కల మీద కొట్టారు. నిన్న ల్యాబ్ ఆవిడ నన్ను పిలిచి కుండీ చూపించింది. ఆకులన్నీ మెలితిరిగిపోయాయి. పురుగుమందులో కలుపుమందు కలిసింది. అది బయటికి వెళ్ళి ఎవరి తోట మీదైనా పడి ఉంటే తోట తోటంతా అంతే.

ట్యాంకు మూడుసార్లు కడగడం నేనే నిలబడి చూశాను. సాల్వెంట్ చుక్క తేడా లేదు, డ్రమ్ము ఎక్కువ లేదు. తల బద్దలు కొట్టుకుని చివరికి గరిటెని పిలిచి అడిగాను. చేతిలో గరిటె కింద పెట్టాడు. తర్వాత, "నాలుగోది మానలేదమ్మా. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు కడుగుతున్నాం" అన్నాడు.

దేంతో అని అడిగాను. సాల్వెంట్ తాళం నా దగ్గరుంది కదా.

"ఎర్ర మూత డ్రమ్ములో దాచింది ఉంది కదమ్మా, దాంతోనే. పారబొయ్యలేదు. కడిగి మళ్ళీ ఆ డ్రమ్ములోనే పోశాం. చుక్క తగ్గలేదు, మీ లెక్క పాడవలేదు."

అర్థమైందా మామయ్యా? మూడుసార్లు శుభ్రంగా కడిగిన ట్యాంకుని, దాచిపెట్టిన కలుపుమందు కడుగుతో భక్తిగా నాలుగోసారి కడిగారు. ఇన్నాళ్ళూ దాచిన కడుగుతోనే చేశారట, కాకపోతే పచ్చ మూతదానితో. అది పురుగుమందు కడుగే కాబట్టి మొక్కల మీద తేడా కనబడలేదు. పచ్చ మూతవి అయిపోయి ఎర్ర మూత డ్రమ్ము తియ్యడం ఇదే మొదటిసారి. నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను.

అప్పుడు గరిటె తన మీద నింద పడకుండా జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. "కోడలు పిల్ల తెలివైనదే కానీ చిన్నది. నాలుగోది మానకండి. దానికి తెలియనక్కర్లేదు." కింద సంతకం లేదు. నాకు అక్షరాలు దిద్దించిందే నువ్వు, నీ దస్తూరి నాకు తెలియదనుకున్నావా? నేను భోజనం ఎక్కడ చేస్తానో అడిగింది ఇందుకా? నా ఆకలి గురించి అడుగుతున్నావని మురిసిపోయాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఇరవై నాలుగు రావాల్సిన నెలకి ఈ పది డ్రమ్ములూ కలిసి ముప్ఫై నాలుగు. సెక్షన్ పోయినట్టే. మెడపట్టీ ఒక దారి చెప్పాడు. ఆ పది డ్రమ్ముల్నీ చెత్త అని రాయకుండా పరీక్షలో ఉన్న సరుకు అని రాస్తే సరిపోతుందట. కింద సంతకం మాత్రం నాది. పెడదామనే అనుకుంటున్నాను. నలభై ఇద్దరి బతుకులు ఒక పక్క, ఒక్క మాట మార్పు ఒక పక్క. సరుకు బయటికి పోలేదు, ఎవరికీ నష్టం లేదు. ముప్ఫయ్యో తేదీకి ఇవ్వాలి.

నువ్వు జవాబు రాయాలనుకుంటే మోకాళ్ళ గురించి రాయకు. నాలుగోది ఎందుకో రాయి.


టైర్ల షాపు మీది వాటా,
జూన్ 18

అమ్మడూ,

సంతకం పెట్టకు.

నేను ఒకసారి పెట్టాను. అప్పటికి ఇంకా మేస్త్రీని కాను, ట్యాంకు కడిగి రిజిస్టర్‌లో ఎన్ని కడుగులో రాసి సంతకం పెట్టే పని నాది. ఆ రోజు సాయంత్రం మా సెక్షన్‌కీ ప్యాకింగ్‌వాళ్ళకీ వాలీబాల్ ఆట. నేను కెప్టెన్ని. అప్పుడు నాకు చెవులే కాదు, నడుమూ ఉండేది. కలుపుమందు ట్యాంకు రెండుసార్లు కడిగించి, మూడు అని రాసి, సంతకం పెట్టి, ఆటకి పరిగెత్తాను. ఇంటికి నిప్పంటుకుని కాదు, ఎవరికో ఒంట్లో బాగాలేక కాదు. వాలీబాల్ కోసం. ఆ ఆట కూడా ఓడిపోయాం.

మర్నాడు ఆ ట్యాంకులో పురుగుమందు కలిపారు. అప్పట్లో మొక్కల మీద కొట్టి చూసే పద్ధతి లేదు. నెల తర్వాత ఒక రైతు గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో వేళ్ళతో సహా పీకిన టమాటా మొక్క ఒకటి ఉంది. నువ్వు కుండీలో చూశావే, అలాగే మెలితిరిగి ఉంది. ఆయన ఎవర్నీ తిట్టలేదు. షిఫ్టు నుంచి బయటికొచ్చే ప్రతివాడికీ ఆ మొక్క చూపించి, "దీనికేమైంది బాబూ?" అని అడిగాడు. నన్నూ అడిగాడు.

"తెగులేమో" అన్నాను.

కంపెనీవాళ్ళు డ్రమ్ములు సరఫరా చేసినవాడి మీదికి తోసేశారు. రిజిస్టర్ తీసి చూస్తే మూడు అని ఉంది కదా, సంతకం కూడా ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. పైగా రెండేళ్ళలో మేస్త్రీని చేశారు. అప్పటినుంచి నాలుగు. మూడు ట్యాంకుకి, ఒకటి నాకు. ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పానంతే అనేవాణ్ణి. మేస్త్రీ అయితే ఉన్న సుఖం అదొక్కటే.

ల్యాబ్ కిటికీలో మొక్కలు పెట్టించింది కూడా నేనే. అందానికని చెప్పాను.

నువ్వు నాలుగోది తీసేస్తానంటే భయపడ్డాను. అది ట్యాంకు కోసం కాదు. అది ఆగిపోతే ఎందుకు మొదలైందో అందరూ అడుగుతారని. అందుకే నీ వెనకాల గరిటెకి రాశాను, నీ తిండి గురించి అడిగాను. సిగ్గుపడుతున్నాను. ఉత్తుత్తి మాట కాదు, నిజంగానే.

ఎవరికీ నష్టం లేదని రాశావు. నేనూ సరిగ్గా అదే అనుకుని రాశాను ఆ మూడు. నీ సంతకానికి ఏ రైతూ గేటు దగ్గరికి రాకపోవచ్చు. కానీ రిటైరయ్యాక కూడా కడుగుతూనే ఉంటావు. నాకు ఇంకా ఆగలేదు.

ఈ ఉత్తరం సెక్షన్‌లో అందరి ముందూ చదివించు. మేస్త్రీ చెప్పాడని కడిగారు, మేస్త్రీ చెప్పాడని మానతారు. నా పరువు సంగతి నువ్వు చూసుకోనక్కర్లేదు, దాన్ని ఇన్నేళ్ళూ చూసుకుని అలిసిపోయాను.

మామయ్య

(మీ అత్తయ్యని: కాగితం ఖాళీ ఉందని రాస్తున్నాను. ఈ సంగతి నాకూ ఇవాళే చెప్పారు. రెండు గంటలు బియ్యం ఏరుతూ కూర్చున్నాను నేను. తర్వాత టీ ఇచ్చాను. ఇంట్లో కూడా గిన్నెలు నాలుగుసార్లు తొలిచేవారు, ఈయనకి శుభ్రం ఎక్కువ అనుకున్నాను ఇన్నాళ్ళూ.)


మిక్సింగ్ సెక్షన్ పక్క గది,
జూలై 22

మామయ్యకి,

నీ ఉత్తరం నాలుగు రోజులు సొరుగులో పెట్టుకున్నాను. చదివించకుండానే ఏదైనా దారి దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. మెడపట్టీ ఇచ్చిన కాగితం కూడా అదే సొరుగులో ఉంది. రోజూ తెరిస్తే రెండూ కనబడేవి. ఐదో రోజు పది డ్రమ్ములకి ఎదురుగా చెత్త అని రాసి, ముప్ఫై నాలుగు అని వేసి, సంతకం పెట్టాను. మెడపట్టీ అది చూసి పట్టీ ఉన్నా సరే తల అడ్డంగా ఊపాడు. పాపం, తర్వాత రెండు రోజులు సెలవు పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే మిక్సర్లు ఆపించి అందర్నీ కూర్చోబెట్టి ఉత్తరం చదివాను. గేటు దగ్గర రైతు వచ్చేసరికి కాగితం ల్యాబ్ ఆవిడ చేతిలో పెట్టాను. మిగతాది ఆవిడ చదివింది. నీ గురించి ఒక్కరైనా తప్పుగా మాట్లాడతారేమో, మాట్లాడితే తిరిగి అరవడానికి సిద్ధంగా నిలబడ్డాను. చివరికి గరిటె లేచాడు.

"ఉత్తరంలో రెండు అని రాశారు ఆయన. రెండోది సగంలోనే పంపు కట్టేశాను. నెట్ కట్టాలి కదా ఆటకి. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు."

అందుకేనట నువ్వు నాలుగు అన్నప్పుడు నోరెత్తకుండా కడిగాడు. నువ్వు నీ ఒకటి కడుగుతున్నావు, వాడు వాడి సగం కడుగుతున్నాడు, ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, ఒకరికొకరు చెప్పుకోకుండా. అరవై డ్రమ్ముల్లో పదిహేను మీ ఇద్దరి సిగ్గు మామయ్యా. తనిఖీవాళ్ళ ఫారంలో దానికి గడి లేదు.

ఇప్పుడు మూడే కడుగుతున్నాం. మూడో కడుగు కాగానే ఇద్దరు సంతకం పెట్టాలి. మొదట కలిపిన బకెట్టుడు మందు మొక్కల మీద కొట్టి మూడు రోజులు ఆగి చూస్తున్నాం. ఆరు విడతలయ్యాయి, ఒక్క ఆకూ మెలితిరగలేదు. నీ తప్పుకి నువ్వు రెండు విరుగుళ్ళు వేసుకున్నావు. నాలుగో కడుగు దండగ. కుండీలు మాత్రం ఈసారి ఎవరిదో తోటని కాపాడాయి. ఇప్పుడు వాటికి నీళ్ళు పొయ్యడానికి వంతులు వేసుకున్నారు, నా వంతు బుధవారం.

తనిఖీ ఆఫీసరమ్మ మొన్న వచ్చింది. ముప్ఫై దాటింది కాబట్టి పాస్ చెయ్యలేనని నిక్కచ్చిగా చెప్పింది. పది డ్రమ్ములు ఎందుకు పాడయ్యాయని అడిగితే అంతా చెప్పాను, హవాయి చెప్పుతో సహా. నవ్వలేదు. గరిటె చెప్పు పట్టుకుని ఒకసారి ట్యాంకు గోడ గీకి చూసింది. ఇంకో రెండు నెలలు చూస్తానని రాసి వెళ్ళింది. తాళం వెయ్యలేదు. ఈ నెల ఇప్పటికి పదహారు డ్రమ్ములు. ఇరవై నాలుగు దాటదు.

ఇంకొకటి. ఉత్తరం చదివిన మర్నాడు గరిటె స్టోర్ అటక ఎక్కి పాత రిజిస్టర్లన్నీ దింపాడు. దుమ్ముకి సెక్షన్ అంతా తుమ్మింది. ఆ వాలీబాల్ రోజు పేజీ దొరికింది. కడుగులు అన్న చోట నీ దస్తూరితో మూడు అని ఉంది. గరిటె ఎర్ర పెన్ను అడిగి తీసుకుని దాన్ని కొట్టేశాడు. పైన ఒకటిన్నర అని రాసి, తన సంతకం పెట్టాడు.

పక్కన నీ సంతకానికి చోటు వదిలాం. బస్సెక్కి రా.

నీ కోడలు